తేదీ కాదు, సిరీస్ నంబరు చూడండి: 133 రోజుల హంగేరీ నోట్లు

హంగేరీలో బేలా కున్ కమ్యూనిస్టు సర్కారు 1919 మార్చి 21న గద్దెనెక్కి ఆగస్టు 1న దిగిపోయింది. ఆ కాలంలో బుడాపెస్ట్‌లో అచ్చైన నోట్లు కావాలనుకునే కొత్తవాళ్లు ముందు వెతికేది 1919 అనే అంకె. కానీ 1 కొరోనా (అప్పటి అక్కడి కరెన్సీ) నోటు మీద 1916 డిసెంబరు 1, 2 కొరోనా మీద 1917 మార్చి 1, 25 మీదా 200 మీదా 1918 అక్టోబరు 27 ఉంటాయి. ఎర్ర నక్షత్రాలూ సుత్తులూ కూడా ఉండవు. ఆస్ట్రో-హంగేరియన్ బ్యాంకు పాత అచ్చుపలకల్లో చేతికందిన వాటితోనే నోట్లు కొట్టేశారు మరి.

పట్టిచ్చేది సిరీస్ నంబరు. 1, 2 కొరోనాల మీద అది 7000 దాటాలి, 25 మీద 3000 దాటాలి. 6990కీ 7010కీ కంటికి తేడా ఏమీ తెలియదు, విప్లవం మాత్రం రెండోదాంట్లోనే ఉంది. అమ్మేవాళ్లు ‘కమ్యూనిస్టు నోటు’ అని రాసి పెట్టేది చాలాసార్లు చక్రవర్తి కాలం నాటి మామూలు నోటే. ఫొటోలో అంకెలు మసకగా ఉంటే ఇంకో స్కాన్ అడగండి, పంపకపోతే వదిలేయండి.

25, 200 నోట్లకు వెనకవైపు సరైన అచ్చు లేక ‘తెల్ల డబ్బు’ అని పేరొచ్చింది. పల్లెల్లో రైతులు వాటిని తీసుకోవడానికి మొరాయించారు. ‘నీలి డబ్బు’ అని పిలిచే పాత ఆస్ట్రో-హంగేరియన్ బ్యాంకు నోట్లను జనం దాచేసుకున్నారు. 1919 తేదీతోనే కావాలంటే పోస్టల్ సేవింగ్స్ బ్యాంకు పేరిట వచ్చిన 5 కొరోనా ఉంది. నా లెక్కలో సేకరణ దానితో మొదలెట్టడమే సులువు.

ఆస్ట్రో-హంగేరియన్ సామ్రాజ్యం విడిపోయాక పాత నోట్ల మీద కొత్త దేశాల ముద్రలు పడ్డాయి. ముద్రతో ధర పెరుగుతుంది కాబట్టి దొంగముద్రలూ ఉన్నాయి. 10 రెట్ల భూతద్దంతో మడత దగ్గర చూడండి. ముద్ర పడ్డాక నోటు మడతపడి ఉంటే ఆ గీత మీద సిరా అరిగి కాగితం బయటపడుతుంది. మడతలో చిట్లిన పీచులోకి సిరా పాకి ఉంటే ముద్ర మడతపడ్డ తర్వాత వేసిందే.

ఇస్త్రీ చేసిన నోట్లు ఇంకో బెడద. గదిలో దీపం ఆర్పి, టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి వెలుగు పారించండి, దాచిన మడత గీతలా తేలుతుంది. కొన్నాక పీవీసీ కవర్లలో మాత్రం పెట్టొద్దు. వాటి నుంచి ఊరే జిగట కాగితానికి అంటితే ఇక వదలదు. మైలార్ (పాలిస్టర్) కవర్లు వాడండి.