టీబీ మాత్రలు, మా చర్చి ఆదివారాలు

నాకు ఒంట్లో బాగోలేదని మొదట పసిగట్టింది మా చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు. పాటల ప్రాక్టీసు మధ్యలో ఆపి, "ఆంటీ, ఈమధ్య మీకు చరణం చివర గాలి అందట్లేదు" అన్నాడు. దగ్గు అప్పటికే చాలా వారాలుగా ఉంది. నేను బట్టలు కుడతాను, ఇంట్లో ఎప్పుడూ నూలు దుమ్మే కాబట్టి దగ్గు ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆ మరుసటి ఆదివారమే స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ నా జాకెట్టు భుజం రెండు వేళ్ళతో పట్టుకుని, "ఊరందరికీ కొలతలు తీస్తావు, నీ జాకెట్టేంటే ఇంత వదులు?" అంది. రోజూ చూసే మా ఆయనకీ పిల్లకీ నేను చిక్కిపోవడం తెలియలేదు. వారానికోసారి చూసేవాళ్ళకి తెలిసింది.

ముందు చూపించుకున్న ప్రైవేటు డాక్టరు సిరప్ మార్చి సిరప్, యాంటీబయాటిక్ మార్చి యాంటీబయాటిక్ రాశాడు. ఎక్స్‌రే ఊసే లేదు. ఆ ఖర్చు సంగతి తలచుకోకపోవడమే మంచిది. చివరికి ప్రభుత్వాసుపత్రికి వెళితే అక్కడి నర్సు అడిగింది ఒక్కటే: "దగ్గు రెండు వారాలు దాటిందా?" దాటిందనగానే చిన్న డబ్బా చేతికిచ్చి కళ్ళె పట్టి ఇమ్మంది. ఇప్పుడు కళ్ళెని మిషన్లో పెడితే కొన్ని గంటల్లోనే టీబీ ఉందో లేదో చెప్పేస్తుంది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్పేస్తుంది. నాకు టీబీ ఉంది, మందు పనిచేసే రకమే.

మొత్తం ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. ఎన్ని వేసుకోవాలన్నది బరువుని బట్టి ఉంటుంది. నేను 44 కిలోలకి దిగిపోయాను కాబట్టి రోజుకి 3. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు. చెప్పినా మొదటిసారి చూసినప్పుడు గుండె ఝల్లుమంది. పొద్దున్నే మాత్రలు పడగానే కడుపులో తిప్పేది, మధ్యాహ్నానికి మోకాళ్ళు సలిపేవి. కుట్టుమిషన్ తొక్కాలంటే ఏడుపొచ్చేది.

మా ఆయన చర్చిలో మాత్రం "నిమ్ము చేరింది, ప్రార్థన చెయ్యండి" అని చెప్పొచ్చాడు. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉంది మరి. టీబీ అన్న మాట బయటికొస్తే ఏ సంబంధం వాళ్ళయినా గుమ్మం దగ్గరే ఆగిపోతారని ఆయన బెంగ. మా పాస్టరు అయ్యగారు ఆదివారం ఆరాధనలో విన్నపాల చీటీలు చదివేటప్పుడు నా పేరు, నిమ్ము, చదివారు. అప్పటినుంచి దారిలో ఎవరు కనపడ్డా "తగ్గిందా?" అనే. తగ్గలేదంటే వాళ్ళ ప్రార్థనకి విలువ లేనట్టు, తగ్గిందంటే అబద్ధం. అందరూ ప్రేమతోనే అడిగారు, అయినా ఆ ప్రశ్న వింటే టెన్షన్ వచ్చేది. ఈ తంటా నాకొక్కదానికే కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద ప్రార్థన గురించి ఒక పరిశీలన చేశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. మన కోసం కచ్చితంగా ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్ళలో 59 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చిందట. ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో అది 51, 52 శాతమే. ప్రార్థన చెడ్డదని నేననను. పదిమంది ఎదురుచూపు నెత్తిన పెట్టుకుని బాగుపడటం కష్టమే అంటాను.

అసలు సంగతి పట్టేసింది పాస్టరమ్మగారు. ఆవిడ పెళ్ళికి ముందు గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సు. చూడ్డానికి వచ్చి, కిటికీలో ఉన్న మందుల అట్ట చూసి, తలుపు దగ్గరగా వేసి, "నిమ్ముకి ఈ మందులు ఎవరూ ఇవ్వరమ్మా" అంది. తిట్టలేదు, జాలీ పడలేదు. వాళ్ళ మేనమామకి ఇదే జబ్బు చేస్తే మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం పంపించారట. 1915లో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన శానిటోరియం, అంటే టీబీ రోగుల్ని ఉంచుకుని చూసే ఆసుపత్రి అది. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, ఇంటికి దూరంగా నెలల తరబడి. తర్వాత మందులొచ్చాయి. 1950ల చివర మద్రాసులో పరిశోధన చేసి, ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్ళకీ శానిటోరియంలో ఉన్నవాళ్ళకీ దాదాపు ఒకేలా నయమైందని తేల్చారు. ఆ పుణ్యాన ఈరోజు నాలాంటిది ఇంట్లోనే ఉండి మందులు వాడగలుగుతోంది. కానీ శానిటోరియంలో మాత్ర మానేస్తే అడిగేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇంట్లో ఎవరు అడుగుతారు? పాస్టరమ్మగారు అడిగేది. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసి "పడ్డాయా?" అనేది, పెట్టేసేది.

మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, అప్పటిదాకా గుంపులో కూర్చోవద్దు, మాస్కు తియ్యొద్దు అన్నారు డాక్టరుగారు. దాంతో చర్చి మానేశాను. మైకులో పాట మా ఇంటిదాకా వినపడుతుంది. వింటూ మంచం మీద పడుకుంటే, నేను లేకపోయినా పాట బాగానే సాగిపోతోందే అని ఒళ్ళు మండేది. ఇంట్లో ప్రార్థన ఎప్పటికన్నా ఎక్కువ చేశాను. అయినా ఆదివారం వచ్చిందంటే దిగులు.

అప్పుడు అయ్యగారే ఉపాయం చెప్పారు. చర్చి పక్క గోడ దగ్గర, కిటికీ బయట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. ఆరుబయట, గాలి ఆడే చోటు, మాస్కు వేసుకుని కూర్చోమన్నారు. అన్నేళ్ళు కోయిర్లో ముందు వరసలో నిలబడ్డదాన్ని, చర్చికి వెలుపల ఇంకో సంఘం ఉందని నాకు తెలియనే తెలియదు! ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని తిరిగే తండ్రులు, ప్రసంగం మొదలవగానే ఫోన్ పట్టుకుని బయటికొచ్చే కుర్రాళ్ళు, రాత్రి తాగింది ఇంకా వాసనొస్తుందని లోపలికి పోని ఒక తాపీమేస్త్రి. ఆయన ప్రతి వారం వస్తాడు, వేపచెట్టు కింద నిలబడి కానుక కవరు పిల్లలతో లోపలికి పంపి వెళ్ళిపోతాడు. ప్రభు బల్ల రోజున, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజున, అయ్యగారు చిన్న గ్లాసు, రొట్టె ముక్క కిటికీలోంచి అందించారు. పక్కనున్న మేస్త్రి తల దించుకున్నాడు. ఆయనకీ ఇవ్వొచ్చుగా అనిపించింది నాకు, కానీ అది నేను చెప్పే విషయం కాదు.

మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం అలవాటు. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం డబ్బాలో పోసి, ఆదివారం తెచ్చి ఇస్తాం, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి పంచుతాం. ఇన్నేళ్ళూ ఇంటింటికీ మోసింది నేనే. ఈసారి మా గుమ్మంలోకి వచ్చాయి. రకరకాల బియ్యం కలిసిన అన్నం, కొన్ని మెతుకులు మెత్తగా, కొన్ని పలుకుగా. తీసుకునేవాళ్ళు ఏం తింటున్నారో అప్పుడు తెలిసింది నాకు. టీబీ ఉన్నవాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే పోషణ డబ్బులు నెలకి వెయ్యి రూపాయల చొప్పున ఖాతాలో పడేవి. 2024 నవంబరు దాకా అది 500 ఉండేదట. వాటితో గుడ్లు, పప్పు కొనేదాన్ని.

అంతా ఇలా చల్లగా సాగలేదు. మా ఆడపడుచు ఒక స్వస్థత కూటానికి తీసుకెళతానని పట్టుబట్టింది. అక్కడి బోధకుడు మాత్రలు మానితేనే విశ్వాసం అంటాడట. అప్పటికి నాకు దగ్గు తగ్గింది, ఆకలి వేస్తోంది, ఆ వికారపు మాత్రలు మానెయ్యాలని లోపల నాకూ ఉంది. టీబీలో అపాయమంతా ఈ సమయంలోనే. బాగైపోయిందనిపిస్తుంది, లోపల క్రిములు ఇంకా ఉంటాయి, మధ్యలో మానేస్తే మందుకి లొంగని రకంగా తిరగబడొచ్చు. పాస్టరమ్మగారు మా ఆడపడుచునే కూర్చోబెట్టి, "దేవుడు దీన్ని బాగుచెయ్యాలనుకుంటే ఆ మూడు మాత్రలు ఆయనకేం అడ్డమమ్మా?" అని అడిగింది. మా ఆడపడుచు దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ కోపంగానే ఉంది.

చర్చికి వెళితే ఆరోగ్యం వస్తుందా అని అడిగితే నేను తిన్నగా అవునని చెప్పను. అమెరికాలో సుమారు 75 వేల మంది నర్సుల్ని 16 ఏళ్ళు గమనించి 2016లో రాసింది చదివాను. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ఆరాధనకి వెళ్ళేవాళ్ళలో మరణాలు, అసలు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే, 33 శాతం తక్కువట. సిగరెట్ తాగకపోవడం, దిగులు తక్కువుండటం, తోడు ఉండటం కొంత కారణం అన్నారు. నాకైతే కారణం వదులు జాకెట్టు పట్టుకున్న ఆ రెండు వేళ్ళే. రాకపోతే ఎందుకు రాలేదని అడిగే చోటు మనిషికి ఒకటుండాలి. అది గుడి కావచ్చు, మసీదు కావచ్చు, సాయంత్రం అరుగు కావచ్చు. నాకు చర్చి దొరికింది. ఆ అడిగేవాళ్ళే పుల్లవిరుపు మాటలూ అంటారు, నేను లేచిన బెంచీ తుడిచినవాళ్ళూ ఉన్నారు. రెండూ ఒకే చోట దొరుకుతాయి.

కోర్సు అయిపోయి, కళ్ళెలో ఏమీ లేదని తేలాక, చర్చిలో అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పమన్నారు. "దేవుడు నిమ్ము తీసేశాడని చెప్పు, చాలు" అన్నాడు మా ఆయన. పిల్లని అడిగాను. దానికీ పరీక్ష చేసి ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చి ఉన్నారు. "టీబీ అనే చెప్పమ్మా, దానికి భయపడే సంబంధం నాకెందుకు?" అంది. మైకు తీసుకుని టీబీ అని చెప్పాను, మాత్రల పేర్లు చెప్పాను, ఎన్ని నెలలో చెప్పాను. హల్లెలూయా అనేవాళ్ళు ఎక్కడ అనాలో తెలియక ఆగిపోయారు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఒకావిడ నా కొంగు లాగి, కళ్ళె పరీక్ష ఎక్కడ చేస్తారు, డబ్బులెంత అని అడిగింది. డబ్బులు కట్టక్కర్లేదన్నాను, మంగళవారం నేనే వెంట వెళ్ళాను. టీబీ కాదని వచ్చింది, ఉబ్బసమట. ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతోంది. దాన్ని చూసి కూడా వాళ్ళ వీధిలో ఏదో అనుకుంటున్నారని నిన్న ఫోన్లో గొణిగింది.