డుబోయిస్ గడప గడపా తిరిగిన వార్డులో

ఫిలడెల్ఫియా వెళ్లినవాళ్లంతా లిబర్టీ బెల్ చూస్తారు. మేమూ చూశాం. అయితే నన్ను ఆ ఊరికి రప్పించింది మాత్రం ఆ గంటకు పది పదిహేను నిమిషాల నడక దూరంలో, ఒకప్పుడు నల్లవారు ఎక్కువగా ఉండిన పాత ఏడో వార్డు. నల్లజాతి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ 1896 ఆగస్టులో, కొత్తగా పెళ్లాడిన భార్యతో వచ్చి అక్కడ కాపురం పెట్టాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిది. ఏడాదికి పైగా వీధి వీధీ తిరిగి, అక్కడి నల్లవారి జీవితం మీద 1899లో ‘ది ఫిలడెల్ఫియా నీగ్రో’ అనే పుస్తకం తెచ్చాడు.

డిగ్రీలో నేను సోషియాలజీ, అంటే సమాజ శాస్త్రం చదివాను. ఆ శాస్త్రానికి పితామహులనే కామ్టే, డర్క్‌హైమ్, వెబర్, మార్క్స్ పేర్లు నోటికి వచ్చేవి. డుబోయిస్ పేరు మాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత టీచరుగా జనాభా లెక్కల డ్యూటీలు చేశాను. ఎండలో ఫారాలు పట్టుకుని తలుపు తట్టడం, ‘ఇవన్నీ ఎందుకమ్మా మీకు?’ అని నిలదీసేవాళ్లకు నచ్చజెప్పడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకేనేమో, ఈయన గురించి చదివిన దగ్గర్నుంచీ ఆ వీధుల్లో ఒకసారి నడవాలని ఉండేది.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మా చెల్లెలి కొడుకు తోడు వచ్చాడు. ఎన్‌జే ట్రాన్సిట్ రైల్లో ట్రెంటన్ దాకా, అక్కడ ఫిలడెల్ఫియా లోకల్ రైలు ‘సెప్టా’కు మారి జెఫర్సన్ స్టేషన్‌కి చేరాం. లిబర్టీ బెల్ దగ్గర్నుంచి సిక్స్త్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణంగా నడిస్తే ముందు వాషింగ్టన్ స్క్వేర్ వస్తుంది. ఇప్పుడది పెద్ద చెట్ల నీడన చల్లగా ఉండే పార్కు. ఒకప్పుడు అది శ్మశానం. పండగ రోజుల్లో బానిసలు అక్కడ చేరి తమ తమ భాషల్లో పాడుకునేవారట, అందుకే దానికి కాంగో స్క్వేర్ అన్న పేరు కూడా ఉంది.

స్ప్రూస్, పైన్ దాటి లాంబార్డ్ వీధికి వచ్చేసరికి మదర్ బెతెల్ చర్చి కనబడింది. బానిసగా పుట్టి, తన స్వేచ్ఛను తానే డబ్బు పెట్టి కొనుక్కున్న రిచర్డ్ అలెన్ స్థాపించిన చర్చి ఇది. 1791 నుంచి ఆ స్థలం నల్లవారి చేతుల్లోనే ఉంది. ఇప్పుడున్న రాతి కట్టడం డుబోయిస్ వచ్చేనాటికే లేచింది. ఏడో వార్డు అక్కడికి దగ్గర్లో, సెవెన్త్ స్ట్రీట్ నుంచి మొదలవుతుంది. స్ప్రూస్, సౌత్ వీధుల మధ్య సన్నటి పట్టీలా పడమరగా షూల్‌కిల్ నది దాకా సాగుతుంది.

ఆయన కాపురం ఉన్నది ఈ సెవెన్త్, లాంబార్డ్ ప్రాంతంలోనే, ఒక భోజనశాల పై వాటాలో. వార్డు మొత్తంలో ఇదే అధ్వానమైన చోటని ఆయనే రాశాడు. హార్వర్డ్ డాక్టరేటు, బెర్లిన్‌లో చదువు ఉన్న మనిషి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పిలిపించి ఏడాదికి 900 డాలర్లిచ్చి ‘అసిస్టెంట్’ అంది, పాఠం చెప్పనివ్వలేదు. అదే విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ ప్రొఫెసర్ హోదా ఇచ్చింది 2012లో, ఆయన పోయిన దాదాపు యాభై ఏళ్లకు. ఆ వీధిలో నిలబడి ఇది గుర్తుచేసుకుంటే నాకు కోపం ఆగలేదు.

“పెద్దమ్మా, ఇంత తిరిగి ఆయన కనిపెట్టిందేమిటి?” అన్నాడు మావాడు.

దారి పొడవునా చెబుతూనే ఉన్నాను. ఊళ్లో పెద్దమనుషులు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు: నగరంలో నేరం, పేదరికం, రోగం అన్నిటికీ నల్లవాళ్లే కారణమని. దానికి రుజువులు కావాలనే డుబోయిస్‌ను పిలిచారు. ఆయన ఆరు రకాల ఫారాలు తయారు చేసుకుని దాదాపు 2,500 ఇళ్లకు తానే వెళ్లాడు. 9,675 మంది వివరాలు సేకరించాడు. ఎక్కడ పుట్టారు, ఏం పని చేస్తారు, అద్దె ఎంత, ఎన్ని గదులు, ఇంట్లో నీళ్లున్నాయా అని అడిగాడు. ఆ ఇళ్లవాళ్లు ఆయన్నూ అనుమానంగానే చూశారు. తమను పరీక్షకు పెట్టడానికి వీడెవడు అనుకున్నారు.

లెక్కలు తీశాక తేలింది వేరు. చదువుకున్నవాడికి కూడా వంటపని, ఇంటిపని తప్ప దొరకదు. ఫ్యాక్టరీల్లో తీసుకోరు, యూనియన్లలో చేర్చుకోరు. పాడుబడ్డ గదికి తెల్లవాళ్లకన్నా ఎక్కువ అద్దె. 1838లో పెన్సిల్వేనియా రాజ్యాంగం మార్చి నల్లవారి ఓటు హక్కు లాగేసుకుంది. ఇంత చరిత్ర వెనకాల ఉండగా పేదరికాన్ని వాళ్ల రక్తంలో వెతకడమేమిటన్నది ఆయన వాదన. సమస్యగా కనబడేది లక్షణమే, కారణం ఇంకోచోట ఉందన్నాడు. వార్డులో అందరూ ఒకేలా లేరని కూడా చూపించాడు. ఇంటింటినీ నాలుగు తరగతులుగా రంగులు వేసి మ్యాపు గీశాడు. అందులో అడుగు తరగతిని ‘దుర్మార్గులు, నేరగాళ్లు’ అని పిలవడం నాకు మింగుడుపడదు. ఆ కాలపు నీతి పాఠాల వాసన ఆ పుస్తకంలో ఉంది. అయినా ఆ మ్యాపు చూస్తే ‘వాళ్లంతా అంతే’ అనే మాట ఇక నోట రాదు.

1897లోనే పారిస్‌లో డర్క్‌హైమ్ ఆత్మహత్యల మీద పుస్తకం వేశాడు. సర్కారు లెక్కల్లోంచి పుట్టిన గొప్ప పుస్తకమది. అదే ఏడాది డుబోయిస్ తన లెక్కలను గడపల దగ్గర తానే పోగుచేస్తున్నాడు. మొదటివాడిని పితామహుడన్నాం, రెండోవాడిని పాఠంలోంచే వదిలేశాం. వెబర్‌కు మాత్రం ఆయన విలువ తెలుసు. అడిగి రాయించుకున్న డుబోయిస్ వ్యాసాన్ని 1906లో తన పత్రికలో జర్మన్‌లో వేశాడు.

సిక్స్త్, రాడ్‌మన్ వీధుల మూల డుబోయిస్ పేరున నీలం రంగు స్మారక ఫలకం ఉంది. ఇంకొంచెం ముందుకెళ్తే సౌత్ స్ట్రీట్ దగ్గర గోడంతా పరుచుకున్న కుడ్యచిత్రం. అందులో ఆయనా, ఒకనాటి నల్లవారి ఫైర్ స్టేషన్ సిబ్బందీ కనిపిస్తారు. చుట్టూ ఇప్పుడు ఖరీదైన ఇటుక ఇళ్లు. సౌత్ స్ట్రీట్ వెంట ఎక్స్‌ప్రెస్‌వే వేస్తామని సర్కారు ఏళ్ల తరబడి అంటుంటే, ఇక్కడి నల్లవారి బస్తీలు చెదిరిపోయాయి. రోడ్డు చివరికి రానే లేదు.

అలా సౌత్ స్ట్రీట్ మీద పడమరగా నడిస్తే ఎనిమిదో వీధి దాటాక ఆక్టేవియస్ కాటోను చంపిన చోటు వస్తుంది. ఆయన నల్లజాతి టీచరు. 1871 అక్టోబరు 10న, ఎన్నికల రోజున, నల్లవారి ఓటు కోసం పనిచేస్తున్నందుకు కాల్చేశారు. సిటీ హాల్ దగ్గర ఆయన విగ్రహం ఉంది, 2017లో పెట్టారు. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

తిరుగు రైల్లో మావాడికి అంబేడ్కర్ ఉత్తరం సంగతి చెప్పాను. నల్లవారి తరఫున ఐక్యరాజ్య సమితికి వేసిన విజ్ఞాపన ప్రతులు కావాలని 1946లో అంబేడ్కర్ డుబోయిస్‌కు రాశారు. అస్పృశ్యుల స్థితికీ అమెరికా నల్లవారి స్థితికీ ఎంతో పోలిక ఉందన్నారు. మీ పేరు నాకు తెలుసు, భారత అస్పృశ్యుల పట్ల నాకు పూర్తి సానుభూతి ఉందని డుబోయిస్ జవాబిచ్చాడు. తెలంగాణలో 2024 చివర్లో ఇంటింటికీ కులగణన జరిగినప్పుడు, ఫారాలు పట్టుకుని తిరిగిన టీచర్లకు ఈ ఉత్తరాల కథ ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు లిబర్టీ బెల్ చూశాక ఇంకో రెండు మూడు గంటలు ఉంచుకోండి. దారంతా చదునే, మోకాళ్ల నొప్పులున్నా నడవగలరు. మదర్ బెతెల్ అడుగు అంతస్తులో రిచర్డ్ అలెన్ సమాధి, మ్యూజియం ఉన్నాయి. అవి చూడాలంటే వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.