మోషన్ ఎలా అవుతోందని అడిగిన సిస్టర్

అమ్మకి పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ అని తేలాక మొదటి నెలంతా మా ఇంట్లో పెద్ద విషయాల గురించే మాటలు. ఆపరేషన్ కుదురుతుందా, గడ్డ రక్తనాళాలకి అంటుకుందా, కీమో ముందా తర్వాతా అని. ఈలోగా అమ్మ రోజురోజుకీ చిక్కిపోతోంది. తింటే ఉబ్బరం, అందుకని తినడమే తగ్గించేసింది. క్యాన్సర్ కదా, ఇంతేనేమో అనుకున్నాం.

అప్పుడు పరిచయమైంది ఈ జబ్బునే ప్రత్యేకంగా చూసే స్పెషలిస్ట్ నర్స్. రిపోర్టులు పక్కన పెట్టి, "అమ్మా, మోషన్ ఎలా అవుతోంది? పాలిపోయినట్టు, జిడ్డుగా ఉండి నీళ్లు పోసినా పోకుండా తేలుతోందా?" అని అడిగింది. అమ్మ నావైపు చూసి తల దించుకుంది. రెండు నెలలుగా అలాగే ఉందట. డాక్టరుకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు, సిగ్గుపడి.

క్లోమం నుంచి తిండిని అరిగించే ఎంజైమ్‌లు పేగుల్లోకి చేరకపోతే తిన్న కొవ్వు అరగకుండా అలాగే బయటికి పోతుంది. దానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉన్నాయి, నిజానికి మా మందుల సంచిలోనే ఉన్నాయి! మేం వాటిని మిగతా మాత్రల్లాగే భోజనమయ్యాక అరగంటకి వేస్తున్నాం. మొదటి ముద్దతోనే వేసుకోవాలని, భోజనం ఎక్కువసేపు సాగితే మధ్యలో మళ్లీ వేసుకోవాలని, చిరుతిండికీ కావాలని, వేడి పానీయాలతో మింగితే ఎంజైమ్ పాడవుతుందని ఆమె చెప్పేదాకా మాకు తెలీదు. డాక్టరుతో మాట్లాడి డోసు కూడా పెంచేలా చూసింది. మూడు వారాలకి అమ్మ బరువు తగ్గడం ఆగింది. అన్నాళ్లూ ఆ బక్కతనమంతా క్యాన్సర్ వల్లేనని నమ్మినందుకు నాకు ఇప్పటికీ బాధే.

కామెర్లు తగ్గడానికి పిత్తనాళంలో స్టెంట్ (దారి మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం) వేసినప్పుడు కూడా ఆ నర్సే కూర్చోబెట్టి చెప్పింది, చలి వణుకుతో జ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి అని. ఆ మాట వినకపోయుంటే ఒక రాత్రి 101 డిగ్రీల జ్వరానికి పారాసెటమాల్ వేసి పడుకోబెట్టేసేవాళ్లం. ఫోన్ చేశాం, ఆ రాత్రే అడ్మిట్ చేశారు. స్టెంట్ మూసుకుపోయి ఇన్ఫెక్షన్ వచ్చింది. యాంటీబయాటిక్స్ ఇచ్చి స్టెంట్ మార్చారు.

నొప్పి సంగతీ అంతే. ఎవరడిగినా అమ్మ "పర్లేదు" అనేది. ఆమె మాత్రం అమ్మ ఎప్పుడూ ముందుకి వంగి కూర్చోవడం గమనించి, వెనక్కి వాలితే నొప్పి వీపులోకి పాకుతోందా అని అడిగింది. అవునంది అమ్మ. మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) ఇస్తున్నారంటే ఇక ఆఖరి దశేనని భయపడి దాచుకుందట. అది కాదని నర్స్ ఓపిగ్గా చెప్పింది, పొట్ట వెనకున్న నరాలకి ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తగ్గించే పద్ధతి ఒకటుందని కూడా చెప్పింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, మీకు ట్రీట్‌మెంట్ ఇచ్చే చోట ఇలాంటి నర్స్ ఉన్నారేమో మొదటి రోజే అడగండి. లేకపోతే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో కనుక్కుని నంబరు రాసుకోండి. మోషన్ గురించి మాత్రం ఎవరూ అడక్కపోయినా మీరే చెప్పండి.