ఆక్సిజన్ మధ్యాహ్నం 11, తెల్లారుజామున 0.4: నా చెరువు ప్రాజెక్టు

ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి హైదరాబాద్‌లో మా హాస్టల్ వెనకున్న చెరువునే తీసుకున్నాను. బస్సు చార్జీలు మిగులుతాయని, అంతే. అనుమతి లెటర్ కోసం ఒక ఆఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగిన సోది ఇక్కడ వద్దు.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూడాలి. మీటరు పాడైందన్నారు, ఇక పాత వింక్లర్ పద్ధతే గతి. 300 మిల్లీలీటర్ల సీసా నీళ్లలో ముంచి, ఒక్క బుడగ కూడా లేకుండా మూత పెట్టాలి. మొదటి రోజు నాలుగు సీసాలు పారబోశాను. తర్వాత గట్టు మీదే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ పోస్తే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు ముద్ద కిందికి దిగుతుంది. ల్యాబ్‌లో దాన్ని యాసిడ్‌తో కరిగించి, 200 మిల్లీలీటర్లు తీసుకుని టైట్రేషన్: అంటే బ్యూరెట్ అనే గీతల గొట్టంలోంచి థయోసల్ఫేట్ ద్రావణం చుక్కలుగా వేస్తూ, స్టార్చ్ కలిపితే వచ్చే నీలం రంగు పోయేదాకా ఎంత పట్టిందో చూడడం. థయోసల్ఫేట్ గాఢత 0.025 నార్మల్ అయితే లెక్క సుఖం: ఎన్ని మిల్లీలీటర్లు పడితే లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్.

క్లాసులయ్యాక, మూడింటికి వెళ్లేదాన్ని. రీడింగులు 10, 11 వచ్చాయి. చేపలకు 4 ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. గట్టు మీద కంపుకి ముక్కు మూసుకుంటూనే, చెరువు బ్రహ్మాండంగా ఉందని గ్రాఫులు గీసేశాను. మేడమ్ చూసి, "30 డిగ్రీల దగ్గర నీళ్లు గాలి నుంచి పట్టుకునేది ఏడున్నరే కదమ్మా, మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారు. నోరు పెగల్లేదు.

వల సర్దుకుంటున్న ఒక తాతని అడిగాను. "పొద్దెక్కినంక వస్తే ఏం దెలుస్తది బిడ్డా? తెల్లారుగట్ల రా, చేపలు నోర్లు పైకి పెట్టి గుటకలేస్తుంటయి."

అప్పుడు వెలిగింది. మురుగుతో బలిసిన నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా అదే నాచు, బురదలోని బ్యాక్టీరియా కలిసి దాన్ని పీల్చేస్తాయి. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్న విషయమే!

మర్నాడు ఐదింటికి వాచ్‌మన్ అన్నని బతిమాలి గేటు తీయించుకున్నాను. తాత చెప్పినట్టే నీళ్ల మీద నోళ్లు. ఫోన్ లైటు వెలుగులో రసాయనాలు పోసి సీసా తిప్పాను. గోధుమరంగు రాలేదు. విరిగిన పాలలా తెల్లటి ముద్ద దిగింది. ల్యాబ్‌లో బ్యూరెట్ 0.4 దాటకుండానే స్టార్చ్ నీలం పోయింది.

నెల రోజుల గ్రాఫులు పక్కన పడేశాను. ఇకపై మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా శాంపిల్ తీయమన్నారు మేడమ్. రాత్రి శాంపిళ్లకి ఇంకో అనుమతి లెటర్ కావాలట.