తలుపు బయట యాభై నిమిషాలు

ఈ రోజు రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. పది గంటలకు పాపను స్కూటీ మీద ఎక్కించుకొని, తిరుపతి లీలామహల్ కూడలి దగ్గర మేడమీద ఉన్న కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకువెళ్లాను. ఇది ఐదో వారం. పాప లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను కిటికీ పక్క కుర్చీలో, దూరంగా కనిపించే కొండను చూస్తూ యాభై నిమిషాలు కూర్చున్నాను.

మూసిన ఆ తలుపుకు అలవాటు పడడానికే నాకు నెల పట్టింది. పాపకు ఇంకా పద్దెనిమిది నిండలేదు కనుక సమ్మతి పత్రం మీద సంతకం పెట్టింది నేనే. అయినా, పాప చెప్పిన మాటలు తన ఇష్టం లేకుండా నాకు చెప్పనని, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే మాత్రం వెంటనే చెబుతానని సైకాలజిస్టు మేడమ్ మొదటి రోజే మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి స్పష్టం చేశారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను చికిత్స పొందేవారి హక్కుగా గుర్తించిందని తరువాత తెలిసింది గానీ, కన్నతల్లికి తెలియకూడనిది ఏముంటుందని ఆ రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే ఆ మాట చెవిన పడగానే, రెండు నెలలుగా దించిన తల ఎత్తని నా బిడ్డ ఆవిడ ముఖంలోకి చూసింది.

ఇంట్లో నేనూ మాట్లాడాననే అనుకున్నాను. ‘నీకేం తక్కువ చేశాం’, ‘కాస్త ధైర్యంగా ఉండు’ అన్నవి నా మాటలు. పాప నోరు తెరిచేలోపే నా జవాబు సిద్ధంగా ఉండేది. అత్తమ్మ తాతయ్యగుంట గంగమ్మ గుడి నుంచి తెచ్చి కట్టిన పసుపుదారం ఇప్పటికీ పాప చేతికి ఉంది. దానిని తీసేయమని మేడమ్ ఎన్నడూ అనలేదు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది.

ఈ రోజు బయటికి వచ్చాక పాప తన నోటుపుస్తకంలో ఒక పేజీ తానే తెరిచి నా చేతికిచ్చింది. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ పద్ధతిలో, బాధ పెట్టిన ఆలోచనను గడులు గీసి రాసి, అది ఎంతవరకు నిజమో ఆధారాలతో తూచి చూడడం నేర్పుతున్నారట. మొదటి గడిలో ‘ఫిజిక్స్‌లో తప్పితే అమ్మ నా ముఖం చూడదు’ అని, దాని పక్కన బాధ తీవ్రత నూటికి 90 అని ఉంది. వ్యతిరేక ఆధారం అన్న గడిలో, ‘లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడు అమ్మ తిట్టింది, కానీ రాత్రి చారన్నం కలిపి తినిపించింది’ అని రాసుకుంది. చివరి గడిలో అదే బాధ 55. ఆ చారన్నం సంగతి నాకు గుర్తే లేదు.

గోడమీద మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాసి ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత సేవలో రాత్రింబవళ్లు తెలుగులో కూడా మాట్లాడవచ్చు. నిద్ర పట్టని రాత్రుల కోసం ఇద్దరి ఫోన్లలోనూ దాచుకున్నాం.

వచ్చేముందు నా పేరు కూడా రాయించాను. నాన్న పోయి మూడేళ్లయింది. కర్మకాండ, ఆస్తి కాగితాలు, అమ్మ మందులు అన్నీ చక్కబెట్టాను గానీ, కూర్చుని ఏడ్చిన గుర్తు లేదు. నన్ను కూడా తానే చూస్తే ఆ గది తనదన్న నమ్మకం పాపకు పోతుందని చెప్పి, మేడమ్ నన్ను మరొకరి దగ్గరికి పంపారు. బుధవారం సాయంత్రం ఐదున్నరకు రమ్మన్నారు.

మెట్లు దిగుతూ పాప అంది: “ఆ రోజు ట్యూషన్ ఐదింటికే అయిపోతుందమ్మా. నేనూ వస్తాను, బయట కూర్చుంటాను.”