రైజో పనిచేసిన వీధి

క్యోటోలో ఏమేం చూడాలో ఎవరినడిగినా గుళ్ల పేర్లు గడగడా చెప్తారు, నేను వెళ్లింది మాత్రం ఒక నటుడి కోసం. పేరు ఇచికావా రైజో. 1969లో 37 ఏళ్లకే పోయాడు, అప్పటికి 150కి పైగా సినిమాలు చేసేశాడు, అదీ పదిహేనేళ్లలో. సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఆయన సినిమాలు ఒకటొకటిగా చూస్తూ వచ్చి, ఇంత చూశాక ఆయన ఊరు చూడకపోతే ఎలా అనిపించి డిసెంబర్‌లో బయల్దేరాను. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు తోడొచ్చాడు. ప్లాన్ చెప్పగానే "ఒరేయ్, ఇంత దూరం వచ్చి గుళ్లు మానేసి, ఎప్పుడో మూతపడ్డ స్టూడియో స్థలంలో అపార్ట్‌మెంట్లు చూస్తానంటావేంట్రా" అన్నాడు. అన్నాడే గానీ మినామిజా టికెట్లు తనే బుక్ చేసి పెట్టాడు.

మినామిజా అంటే కామో నది ఒడ్డున, షిజో వంతెన పక్కనే ఉన్న థియేటర్, జపాన్ వాళ్ల సంప్రదాయ నాటకం కబుకి ఆడేది ఇక్కడే. ఇప్పుడున్న కట్టడం 1929 నాటిది. ఏటా డిసెంబర్‌లో కావోమిసే పేరుతో పెద్ద పెద్ద నటులంతా ఇక్కడ చేరతారు, అప్పుడు థియేటర్ ముందు గోడ నిండా చెక్క పలకలు కడతారు, ఒక్కో పలక మీద ఒక్కో నటుడి పేరు. ఆ అక్షరాల్ని దగ్గరికెళ్లి చూడండి, లావుగా, ఉబ్బినట్టు, మధ్యలో ఖాళీ దాదాపు లేకుండా రాస్తారు. హాలు కూడా అలాగే ఖాళీ లేకుండా నిండాలని ఆ రాత. మాకు దొరికింది మూడో అంతస్తు. రేటు తక్కువే కానీ, నటులు ప్రేక్షకుల మధ్యలోంచి నడిచొచ్చే దారి హనమిచి ఉంది చూశారూ, అది పైనుంచి సగం కనపడదు. కింద జనం తలలు తిప్పుతుంటే ఎవరో వస్తున్నారని మేం ఊహించుకోవడమే. దానికి బదులుగా ఒకటి దక్కింది. స్టేజీకి కుడివైపు అంచున ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని, హీరో కళ్లు తిప్పి బిగుసుకుని నిలబడే క్షణంలో రెండు చెక్క ముక్కల్ని పలక మీద టకటకా కొడతాడు. పైనుంచి ఆయన చేతులు స్పష్టంగా కనపడ్డాయి. నటుడి మెడ తిరగడం, ఆ చెక్క పడటం ఒక్కసారే. మా వెనక వరసలో ఒక పెద్దాయన సరిగ్గా ఆ సందులో నటుడి వంశం పేరు గట్టిగా అరిచాడు, అన్నయ్య ఉలిక్కిపడ్డాడు.

ఆడపాత్రలన్నీ మగవాళ్లే. తెలుగువాళ్లకి స్థానం నరసింహారావు గుర్తుకు రాక మానడు. తమాషా ఏంటంటే కబుకి మొదలుపెట్టింది ఆడమనిషే, 1603 ప్రాంతంలో ఈ నది ఒడ్డునే ఓకుని అనే ఆవిడ ఆడిందని చెప్తారు. 1629లో ఆడవాళ్లని స్టేజీ ఎక్కకుండా నిషేధించారు. వంతెన దగ్గరే, థియేటర్‌కి రోడ్డు అవతల ఓకుని విగ్రహం ఉంది, భుజాన కత్తి పెట్టుకుని మహా దర్జాగా నిలబడి ఉంటుంది.

ఇక రైజో సంగతి. ఆ పలకల మీద పేర్లు చూస్తేనే ఆయన కథ అర్థమవుతుంది, ఎందుకంటే కబుకిలో పేరే ఆస్తి. తాతల పేరు మనవలకొస్తుంది, పేరుతో పాటు పాత్రలూ వస్తాయి. రైజో 1931లో క్యోటోలో పుట్టాడు, ఆరు నెలల పసివాడప్పుడే ఇచికావా కుదాన్జి అనే కబుకి నటుడు దత్తత తీసుకున్నాడు. కుదాన్జిది పెద్ద వంశం కాదు. కుర్రాడు 15 ఏళ్లకి స్టేజీ ఎక్కాడు, తకేచి తెత్సుజి అనే దర్శకుడు యువనటులతో చేసిన ప్రయోగాల్లో రాటుదేలాడు, మెరిశాడు కూడా. మెరిస్తే ఏం లాభం, వంశం లేదు. తకేచి పూనుకుని 1951లో ఒసాకా కబుకిలో పెద్ద తలకాయ అయిన ఇచికావా జుకాయ్‌కి దత్తత ఇప్పించాడు. అప్పుడొచ్చిందే రైజో అన్న పేరు, ఆ వరసలో ఎనిమిదోవాడు. అంత పేరొచ్చాక కూడా తలరాత మారలేదు, 1954లో ఒసాకా స్టేజీ మీద ఒక్క డైలాగ్ కూడా లేని పాత్ర చేతిలో పెట్టారు. అదే ఏడాది సినిమాల్లోకి వెళ్లిపోయాడు. నాకైతే ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది.

మర్నాడు పొద్దున ఓమియా నుంచి రాందెన్ ఎక్కాం. ఊదా రంగు వేసిన చిన్న ట్రామ్, చాలా వాటికి ఒక్కటే పెట్టె. కొంతదూరం మామూలు రోడ్డు మీద కార్ల మధ్యే పోతుంది, డ్రైవర్ సిగ్నల్ కోసం ఆగుతుంటే చూడముచ్చటగా ఉంది. ఉజుమాసా కోర్యూజీ స్టేషన్లో దిగితే ఎదురుగా కోర్యూజీ గుడి గుమ్మం. అన్నయ్య కోసం లోపలికెళ్లాం, చెంపకి వేళ్లు ఆనించీ ఆనించనట్టు కూర్చున్న చెక్క మైత్రేయ బుద్ధుణ్ణి చూశాం. ఆ ఒక్క విగ్రహం కోసమైనా ఇటు రావచ్చు, అది ఒప్పుకుంటాను.

గుడి దాటాక దైయే వీధి, చిన్న చిన్న షాపుల బజారు. దైయే అంటే రైజో పనిచేసిన కంపెనీ, 1951లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచిన కురొసావా 'రషోమోన్' తీసింది వీళ్లే. 1971లో కంపెనీ దివాలా తీసింది, స్టూడియో ఇంకొన్నేళ్లు నడిచి 1986లో మూతపడింది. అన్నయ్య చెప్పినట్టే అక్కడిప్పుడు అపార్ట్‌మెంట్లు, పక్కన స్కూలు. బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక సూపర్‌మార్కెట్ ముందు మాత్రం ఐదు మీటర్ల దైమాజిన్ బొమ్మ కాపలా కాస్తోంది, 1966లో దైయే తీసిన సినిమాలోని రాతి దేవుడు. దాని కాళ్ల దగ్గర సైకిలాపి ఒకావిడ ఉల్లికాడలు సర్దుకుంటోంది.

రైజో రోజూ ఇటే తిరిగేవాడు, కానీ మేకప్ లేకపోతే జనం గుర్తుపట్టేవాళ్లు కాదట. బ్యాంకు గుమాస్తాలా ఉండేవాడని కలిసి పనిచేసినవాళ్లు చాలామంది చెప్పారు. ఫొటోల్లో చూసినా అంతే, పలచటి మనిషి, కళ్లజోడు. అదే మనిషి విగ్గు పెట్టి కత్తి పడితే వేరే. ఇది కబుకి పెట్టిన భిక్షే అనుకుంటాను, ముఖాన్ని తెల్ల కాగితంలా ఉంచుకుని దానిమీద గీసుకోవడం చిన్నప్పుడే ఒంటబట్టింది. దర్శకుడు మిజోగుచి 1955లో తీసిన 'షిన్ హేయికె మొనొగతారి'లో కియోమోరి అనే యోధుడిగా దట్టమైన కనుబొమ్మలతో కనిపించాడు, ఇతనేనా అనిపిస్తుంది.

కురుమజాకి గుడి దగ్గర త్వరగానే కానిచ్చాం. అక్కడ కళాకారుల దేవత గుడి ఉంది, చుట్టూ ఎర్ర కంచె పలకలు, వాటి మీద నటులూ గాయకులూ డబ్బు కట్టి రాయించుకున్న పేర్లు. గడువైపోతే పలక తీసేస్తారు. అన్నయ్యకి ఇది తెగ నచ్చింది.

నేను దాచుకున్నది కింకాకుజీ, బంగారు గుడి. 1950 జూలైలో ఆ గుడిలోని ఒక కుర్ర సన్యాసే దానికి నిప్పు పెట్టాడు, 1955లో మళ్లీ కట్టారు. ఆ ఘటన మీద రచయిత మిషిమా నవల రాస్తే, 1958లో దర్శకుడు ఇచికావా కాన్ దాన్ని 'ఎంజో'గా తీశాడు (ఇంటిపేరొకటే, చుట్టరికం లేదు). కత్తియుద్ధాల అందగాడు గుండుతో నత్తివాడిగా నటించడమేంటని చుట్టూ ఉన్నవాళ్లు వద్దన్నారట, రైజో పట్టుబట్టి చేశాడు. బ్లూ రిబ్బన్ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. నత్తి అంటే మన సినిమాల్లో చాలాసార్లు కామెడీ కదా, ఇక్కడ మాట గొంతులో ఇరుక్కున్నప్పుడు ముందు భుజం బిగుస్తుంది, తర్వాత దవడ, ఆ తర్వాతెప్పుడో శబ్దం. డైలాగ్ లేని పాత్ర ఇచ్చి అవమానించారని వెళ్లిపోయినవాడు, మాట రాని పాత్రతోనే నటుడనిపించుకున్నాడు. చెరువు ఒడ్డున సెల్ఫీల జనం మధ్య నిలబడితే నాకు బ్లాక్ అండ్ వైట్ సినిమాలోని గుడే ఎక్కువ మెరిసినట్టనిపించింది. అన్నయ్య ఒప్పుకోలేదు, బంగారం బంగారమే అన్నాడు.

కబుకిని రైజో పూర్తిగా వదిలేశాడనుకోకండి. 1964 జనవరిలో, స్టార్‌గా వెలుగుతున్నప్పుడే, టోక్యో నిస్సే థియేటర్లో 'కంజించో' అనే కబుకి నాటకంలో తొగాషి పాత్రతో మళ్లీ స్టేజీ ఎక్కాడు. ఇంకెన్నో చేద్దామనుకుని ఉంటాడు, క్యాన్సర్ ఊరుకోలేదు.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు 'ఎంజో' చూడండి. కత్తులు కావాలంటే 'కిరు' (1962), గంటంపావు కూడా ఉండదు. నెమురి క్యోషిరో అనే కత్తివీరుడి సిరీస్‌లో ఆయనవి 12 ఉన్నాయి, అన్నీ చూడక్కర్లేదు, నాలుగోది బాగుంటుంది, చివరివి కొన్ని నాకే బోరు కొట్టాయి. అన్నయ్య మాత్రం నా మాట వినకుండా మొదటిదాన్నుంచి వరసగా చూస్తున్నాడు.