సయ్యద్‌లకు జకాత్ ఎందుకివ్వరు? ప్రవక్త ఇల్లు, హోదా, మనిషితనం

రంజాన్‌లో జకాత్ (ఏటా విధిగా ఇవ్వాల్సిన దానం) లెక్క తేలాక ఎవరెవరికి ఇవ్వాలో రాసుకుంటుంటే చాలా ఇళ్ళలో ఒక పేరు దగ్గర కలం ఆగిపోతుంది. మనిషికి సంపాదన లేదు, ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంది, చేతిలో జకాత్‌కు హద్దుగా పెట్టిన 612 గ్రాముల వెండి ఖరీదు చేసే ఆస్తి కూడా లేదు. ఏ రకంగా చూసినా అర్హుడే. కానీ ఆయన సయ్యద్, అంటే ప్రవక్త ముహమ్మద్ (స) సంతతి. ఆయనకు జకాత్ ఇస్తే చెల్లదు, ఆయన తీసుకోకూడదు. రంజాన్ పండుగకిచ్చే దానం, ఫిత్రా సంగతీ అంతే.

ప్రవక్త గురించి, ఆయన కుటుంబం గురించి ముస్లింలు ఏం నమ్ముతారో తెలుసుకోవాలంటే మీలాద్ (ప్రవక్త పుట్టినరోజు) ఉపన్యాసాలకన్నా ఇలాంటి నియమాల దగ్గర మొదలుపెట్టడమే మేలు. ఉపన్యాసంలో ప్రేమ ఒక్కటే కనిపిస్తుంది. ఆ ప్రేమకు హద్దు ఎక్కడ గీశారో నియమంలో తెలుస్తుంది.

ముందు ఆచరణ సంగతి చూద్దాం. మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో (సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) ఈ నిషేధం ప్రవక్త ముత్తాత హాషిం వంశానికంతా ఉంది. అలీ, జాఫర్, అఖీల్, అబ్బాస్, హారిస్ అనేవాళ్ళ సంతతి అందులోకి వస్తుంది. వంశం తండ్రి వైపు నుంచే లెక్క. తల్లి సయ్యదానీ, తండ్రి కాడు అనుకోండి, బిడ్డ పేదవాడైతే జకాత్ తీసుకోవచ్చు. సయ్యద్ ఇంటికి కోడలిగా వెళ్ళిన షేక్‌ల పిల్ల పేదరాలైతే ఆమెకూ ఇవ్వొచ్చు. ఇచ్చాక ఆ డబ్బు ఆమెది. దాంతో ఆమె ఇంట్లో వండి భర్తకు పెడితే తప్పులేదు. దీనికి ఆధారం బరీరా అనే ఆవిడ విషయంలో జరిగినదే. ఆమెకు ఎవరో సదఖాగా, అంటే దానంగా మాంసం ఇచ్చారు. అది ప్రవక్త ఇంట్లో వండారు. ఇది సదఖా మాంసం కదా అని అడిగితే, ఆమెకు అది సదఖా, ఆమె దగ్గర్నుంచి మనకు వచ్చేసరికి కానుక అన్నారాయన. చేయి మారితే సొమ్ము స్వభావమే మారుతుందన్నమాట. దీన్ని అడ్డం పెట్టుకుని ముందే మాట్లాడుకుని డబ్బు తిప్పడాన్ని మాత్రం పండితులు మెచ్చరు.

పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇంకోచోట. జకాత్ సొమ్మునే కవరులో పెట్టి, పైన హదియా (కానుక) అని రాసి సయ్యద్ చేతికి ఇస్తారు. పేరు మారింది గాని సొమ్ము మారలేదు. తెలిసి అలా ఇస్తే జకాత్ తీరదు, మళ్ళీ ఇవ్వాల్సిందే. సరైన దారి ఏమిటంటే జకాత్‌గా తీసిన 2.5 శాతం పక్కన ఉంచి, తన సొంత సొమ్ములోంచి వేరేగా ఇవ్వడం. ఖుర్బానీ మాంసం నిరభ్యంతరంగా పంపవచ్చు. విచారించి, సయ్యద్ కాదనుకుని ఇచ్చాక తర్వాత నిజం తెలిస్తే హనఫీల ప్రకారం ఆ జకాత్ చెల్లినట్టే. పేరు ముందు సయ్యద్ అని ఉన్నంత మాత్రాన వంశం రుజువైనట్టు కాదు, పేరుగా పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వెనకటి రోజుల్లో యుద్ధంలో దక్కిన సొమ్ము ఐదో వంతులోంచి ప్రవక్త బంధువులకు భాగం ఉండేది (ఖుర్ఆన్ 8:41). ఇప్పుడది లేదు గనుక పేద సయ్యద్‌లకు జకాత్ ఇవ్వొచ్చన్న పండితులూ ఉన్నారు, కానీ ఎక్కువమంది ఫత్వా అటు లేదు. షియాలలో ఖుమ్స్, అంటే ఆ ఐదో వంతు చెల్లింపు ఇప్పటికీ నడుస్తుంది. అందులో సగం సహ్మె సాదాత్, అంటే పేద సయ్యద్‌ల వాటా. అంతేకాక ఒక సయ్యద్ జకాత్ ఇంకో సయ్యద్‌కు చెల్లుతుంది వాళ్ళ దగ్గర.

ఇంత పట్టింపు ఎందుకంటే మనవడు హసన్ చిన్నప్పుడు జరిగినది చూడాలి. సదఖాగా వచ్చిన ఖర్జూరాల కుప్పలోంచి ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. ప్రవక్త "కిఖ్, కిఖ్" అంటూ, మనం పసివాళ్ళ చేత ఉమ్మించేటప్పుడు చేసే శబ్దం లాంటిదే చేసి, దాన్ని ఉమ్మించారు. మనం సదఖా తినమని తెలీదా అని ఆ పసివాణ్ణే అడిగారు. ప్రజలు దేవుడి పేర ఇచ్చే సొమ్ము నాయకుడి ఇంటికి చేరే దారిని ఒక ఖర్జూరం దగ్గరే మూసేశారు. రాజవంశాలు ఎలా పుడతాయో తెలిసినవాళ్ళకు ఇందులోని ముందుచూపు అర్థమవుతుంది.

ఆ ఇంటివారి గురించి గ్రంథాల్లో ఉన్నవి చూస్తే సౌకర్యాల కన్నా కట్టడులే ఎక్కువ. కూతురు ఫాతిమా తిరగలి విసిరి విసిరి అరచేతులు కాయలు కాసి, ఒక పనిమనిషిని ఇప్పించమని అడగడానికి వచ్చారు. పనిమనిషి దొరకలేదు. పడుకోబోయే ముందు 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్‌హందులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ అనుకోమని చెప్పారు, అదే మీకు మేలని. ఈ రోజుకీ తస్బీహె ఫాతిమా అని ఎంతోమంది చదువుతున్నది అదే. దొంగతనం కేసులో పెద్దింటి ఆడమనిషికి సిఫారసు వస్తే, నా కూతురు ఫాతిమా దొంగిలించినా శిక్ష ఇదే అన్నారు. దేవుడి ముందు నీకు నేనేమీ అడ్డుపడలేను, నా ఆస్తిలోంచి కావలసింది అడుగు అని ఆమెతోనే చెప్పారు. భార్యల విషయంలోనూ అంతే: బాహాటంగా తప్పు చేస్తే శిక్ష రెండింతలు, విధేయతకు ప్రతిఫలం రెండింతలు (33:30, 31). ఈ లోకపు వైభవం కావాలంటే మర్యాదగా పంపేస్తాను, లేదా ఈ ఇంట్లోనే ఉండవచ్చు, ఎంచుకోండి అన్న ఖుర్ఆన్ వాక్యం (33:28, 29) దిగినప్పుడు అందరూ ఉండడానికే ఇష్టపడ్డారు.

ఇంతకీ "ఇంటివారు", అహ్లె బైత్ అంటే ఎవరు? ఇక్కడే సున్నీ, షియా దారులు చీలతాయి. 33:33లో దేవుడు మీ నుంచి మాలిన్యాన్ని తొలగించాలనుకుంటున్నాడు అన్న వాక్యం ఉంది. దాని ముందూ వెనకా మాట్లాడుతున్నది ప్రవక్త భార్యలతో. కాబట్టి భార్యలు తప్పకుండా అందులో ఉన్నారంటారు సున్నీలు. నల్లటి ఉన్ని దుప్పటి కప్పుకుని వచ్చిన ప్రవక్త మనవలు హసన్, హుసేన్, కూతురు ఫాతిమా, అల్లుడు అలీలను ఒక్కొక్కరినే దాని కిందికి తీసుకుని ఈ వాక్యమే చదివారని హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం) ఉంది, కాబట్టి ప్రవక్తతో కలిపి ఆ ఐదుగురే అంటారు షియాలు. ఆ దుప్పటి హదీసు సున్నీ గ్రంథాల్లోనే, అదీ ప్రవక్త భార్య ఆయిషా చెప్పగా నమోదై ఉంది. సున్నీలు దాన్ని కాదనరు, ఆ ఐదుగురినీ భార్యలతో కలిపి లెక్కిస్తారు. పంజ్‌తన్ అనేది ఈ ఐదుగురినే. హైదరాబాద్ ఆశూర్‌ఖానాల్లోనూ, పల్లెల్లో పీర్ల పండుగకు ఎత్తే పీర్ల మీదా కనిపించే చేతి పంజాకు ఐదు వేళ్ళుండటాన్ని ఈ ఐదుగురికే అన్వయిస్తారు. పీరు ముందు మొక్కుకునే తెలుగు ఊళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు కొద్దిమందే. ఆ మొక్కులను చాలామంది సున్నీ పండితులు ఒప్పుకోరన్నదీ నిజమే.

పిల్లల లెక్కలోనూ కొంత తేడా ఉంది. సున్నీల ప్రకారం మొదటి భార్య ఖదీజాకు ఖాసిం, అబ్దుల్లా అనే కొడుకులు, జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూం, ఫాతిమా అనే కూతుళ్ళు. మారియాకు ఇబ్రాహీం. కొడుకులు ముగ్గురూ పసితనంలోనే పోయారు. కూతుళ్ళలో ముగ్గురు తండ్రి బతికుండగానే పోయారు. ఫాతిమా ఒక్కరే ఆయన తర్వాత ఆరు నెలలున్నారు. వంశం ఆమె ద్వారానే సాగింది. సొంత కూతురు ఫాతిమా ఒక్కరేనని షియాలలో కొందరు అంటారు. ఖుర్ఆన్ 33:59 "నీ కూతుళ్ళు" అని బహువచనంలో అంటుంది గనుక ఆ వాదన నిలవడం కష్టం.

భార్యలను విశ్వాసుల తల్లులు అంటుంది 33:6. దీన్ని అక్షరాలా తీసుకుంటే చిక్కుల్లో పడతాం. తల్లులు అనడంలో రెండే ఉన్నాయి: తల్లికిచ్చే గౌరవం, ప్రవక్త పోయాక వాళ్ళను ఎవరూ పెళ్ళి చేసుకోకూడదన్న నియమం (33:53). అంతకుమించి తల్లి వరస వర్తించదు. ఆ 33:53లోనే వాళ్ళను ఏదైనా అడగాలంటే తెర వెనక నుంచి అడగమని ఉంది. సొంత తల్లిని తెర వెనక నుంచి అడగరు కదా! వాళ్ళ కూతుళ్ళు మిగతావాళ్ళకు చెల్లెళ్ళూ కారు, ఆస్తి హక్కులూ రావు. ఫాతిమాను అలీకిచ్చి పెళ్ళి చేయడమే దీనికి సాక్ష్యం.

ఇక ఆయన మనిషితనం. "నేనూ మీలాంటి మనిషినే, నాకు దేవుడి నుంచి వహీ (దైవవాణి) వస్తుంది" అని చెప్పమని ఖుర్ఆన్ రెండుచోట్ల ఆదేశించింది (18:110, 41:6). తిండి తింటాడు, బజార్లో తిరుగుతాడు, ఇతనేం ప్రవక్త అని మక్కావాళ్ళు ఎగతాళి చేస్తే (25:7), నీకు ముందు పంపిన వాళ్ళందరూ తిన్నారు, బజార్లలో తిరిగారు అని జవాబు (25:20). తెలుగు పాఠకులు చాలామంది ప్రవక్తను అవతారంతో పోల్చుకుని చదువుతారు. అక్కడే లెక్క తప్పుతుంది. ఇస్లాంలో దేవుడు దిగిరాడు, మాట మాత్రమే దిగుతుంది.

ఒకసారి ప్రవక్త నమాజులో నాలుగు రకాతులకు (నమాజులోని ఆవృత్తులు) బదులు రెండే చదివి ముగింపు సలాం చెప్పేసి, మసీదులో అడ్డంగా ఉన్న చెక్కకు ఆనుకుని నిలబడ్డారు. దగ్గరి సహచరులు అబూబకర్, ఉమర్ అక్కడే ఉన్నారు, అడగడానికి జంకారు. తొందరున్నవాళ్ళు నమాజు తగ్గిపోయిందనుకుంటూ బయటికి నడిచారు. జుల్‌యదైన్ అనే ఆయన వచ్చి, మరిచిపోయారా, లేక నమాజే తగ్గిందా అని అడిగారు. రెండూ కాదన్నారు ప్రవక్త. చుట్టూ ఉన్నవాళ్ళను అడిగి, నిజమేనని తేలాక మిగిలిన రెండూ పూర్తిచేసి రెండు సజ్దాలు (సాష్టాంగాలు) చేశారు. ఇంకో సందర్భంలో, మీలాగే నేనూ మరిచిపోతాను, మరిచిపోతే గుర్తుచేయండి అన్నారు. రకాతు లెక్క తప్పినప్పుడు చేసే సజ్దా సహూ ఇలాంటి సందర్భాల నుంచే వచ్చింది. హనఫీలైతే ఆఖరి కూర్చోడంలో అత్తహియ్యాత్ అనే ప్రార్థన చదివి, కుడివైపు ఒక సలాం చెప్పి, రెండు సజ్దాలు చేసి, మళ్ళీ అత్తహియ్యాత్, దరూద్ (ప్రవక్తకు దీవెన), దుఆ (వేడుకోలు) చదివి ముగిస్తారు. మధ్యలో అలా మాట్లాడుకోవడం మాత్రం ఇప్పుడు కుదరదు, మాట్లాడితే నమాజు మొదటి నుంచీ చదవాలంటారు హనఫీలు.

మదీనాలో ఖర్జూరపు చెట్లకు పోతు పుప్పొడి పూస్తుంటే, దాంతో ఏం లాభముంటుందిలే అన్నారాయన. రైతులు మానేశారు. ఆ ఏడు కాపు తగ్గింది. అది నా ఊహే, దేవుడి తరఫున చెప్పినప్పుడు పాటించండి, మీ లోక వ్యవహారాలు మీకే బాగా తెలుసు అన్నారు. వైద్యం, వ్యవసాయం విషయంలో ఆయన అన్న ప్రతి మాటా మతాజ్ఞ అవుతుందా అన్న చర్చలో ఈ హదీసును తప్పనిసరిగా ముందుకు తెస్తారు.

తప్పు, మరపు విషయంలో రెండు వర్గాల మాట వేరు. వహీని చేరవేయడంలో పొరపాటు జరగదు, పెద్ద పాపం జరగదు అనేదాకా అందరూ ఒకటే. మరపు ఉండవచ్చు, దేవుడు వెంటనే సరిదిద్దుతాడు అంటారు సున్నీలు. అంధుడొకరు వస్తే ముఖం చిట్లించినందుకు వచ్చిన మందలింపు ఖుర్ఆన్ 80వ సూరా(అధ్యాయం)లో ఉందని చూపిస్తారు. షియాలలో ఎక్కువమంది మరపును కూడా ఒప్పుకోరు, ముఖం చిట్లించింది వేరే మనిషంటారు. వాళ్ళలోనే షేక్ సదూఖ్ నమాజులో మరపు జరగవచ్చన్నారు, ఆయన శిష్యుడు షేక్ ముఫీద్ దాన్ని ఖండించారు.

మన దేశంలో సున్నీలలోని రెండు వర్గాలైన బరేల్వీ, దేవ్‌బందీ వాదం నూర్, బషర్ అనే రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. ప్రవక్త నూర్, అంటే వెలుగు అనేవాళ్ళు 5:15ను చూపిస్తారు. బషర్, అంటే మనిషి అనేవాళ్ళు 18:110ను చూపిస్తారు. వీధి చివర మైకుల్లో వినేదాన్ని బట్టి బరేల్వీలు ఆయన్ని మనిషే కాదంటారని అనుకుంటాం. వాళ్ళ పండితుల మాట అలా లేదు. మనిషే గాని మనలాంటి మామూలు మనిషి కాదు, మనలాంటివాడు అని తేలిగ్గా అనడం అమర్యాద అని వాళ్ళ అభ్యంతరం. అసలు పేచీ గైబ్ (కంటికి కనిపించని సంగతుల) జ్ఞానం గురించి, ఆయన్ని దూరం నుంచి పిలవడం గురించి.

మనిషి అనడానికి ఇన్ని రుజువులున్నా, ఆయన బాధ ఇబ్రాహీం మరణంలో కనిపించినంత దగ్గరగా ఇంకెక్కడా కనిపించదు. బిడ్డకు పాలిచ్చే దాది ఇల్లు కమ్మరిది. అబూ సైఫ్ అనే ఆ కమ్మరి కొలిమి ఊదుతుంటే ఇల్లంతా పొగ నిండి ఉండేది. ప్రవక్త అక్కడికే వెళ్ళి బిడ్డను ఎత్తుకుని ముద్దాడి వాసన చూసేవారు. ఏడాదిన్నర నిండీ నిండకుండానే ప్రాణం పోతుంటే ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మీరు కూడానా అని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ అడిగారు. ఇది దయ అన్నారు. కన్ను ఏడుస్తుంది, మనసు కుములుతుంది, ప్రభువుకు నచ్చని మాట మాత్రం అనం అన్నారు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కల ప్రకారం అది 632 జనవరి 27. ప్రవక్త కొడుకు పోయాడు గనుక సూర్యుడు కూడా చీకటయ్యాడని ఊరంతా అనుకుంది. మహిమ చూపించాలనుకునేవాడికి ఇంతకన్నా అదను దొరకదు. ఆయన గ్రహణం నమాజు చదివించి, సూర్యచంద్రులు దేవుడి సూచనలు, ఎవరి చావుకూ పుట్టుకకూ గ్రహణం పట్టదు అని చెప్పారు.

ఆ ఏడే ఆయనా పోయారు. అప్పటికి ఆయన ఇనుప కవచం 30 'సా'ల (ధాన్యం కొలత) బార్లీకి ఒక యూదుడి దగ్గర తాకట్టులో ఉంది. ఉమర్ ఆ మరణాన్ని ఒప్పుకోలేకపోయారు. అబూబకర్ వచ్చి, ముహమ్మద్‌ను ఆరాధించేవాళ్ళుంటే ఆయన మరణించాడు, అల్లాహ్‌ను ఆరాధించేవాళ్ళకు అల్లాహ్ బతికే ఉన్నాడు, చావు లేనివాడు అని చెప్పి 3:144 చదివాక గాని జనం కుదుటపడలేదు. ఆయిషా గదిలో, ఆయన పోయిన చోటే సమాధి చేశారు. హజ్‌కో ఉమ్రాకో వెళ్ళి మదీనాలో ఆగేవాళ్ళు సమాధి ముందున్న జాలీ (కమ్మీల తెర) ఎదుట నిలబడి ముందు ప్రవక్తకు, ఒక అడుగు కుడికి జరిగి ఆయన పక్కనే సమాధైన అబూబకర్‌కు, ఇంకో అడుగు జరిగి ఉమర్‌కు సలాం చెబుతారు. జాలీని పట్టుకుని ముద్దుపెట్టుకోబోతే అక్కడి కావలివాళ్ళు వారిస్తారు. దుఆ చేసేటప్పుడు ఎటు తిరగాలన్న దగ్గర పండితుల్లో తేడా ఉంది. సమాధి వైపే నిలబడి చేయవచ్చని కొందరు, ఖిబ్లా (కాబా ఉన్న దిక్కు) వైపు తిరగాలని కొందరు అంటారు. ఎటు తిరిగినా అడిగేది అల్లాహ్‌నే.